బన్నీ నడక చూసిన తిరుపతమ్మ

గురజాలలో మా వీధి మలుపు తిరిగే చోట ఒక మర ఉంది. ఒక గదిలో పిండి ఆడిస్తారు, పక్క గదిలో కారం. మాఘం దాటితే చాలు, తొడిమలు తీసిన ఎండుమిరప సంచులు ఆ గుమ్మం ముందు వరస కడతాయి. ఏడాదికి సరిపడా కారం ఆడించుకునే రోజులు కనుక ఆ దారిన పోయే ప్రతి మనిషీ తుమ్ముతూనే పోతాడు. లోపల మర నడిపే మనిషి మాత్రం తుమ్మదు. ఆమె పేరు లక్ష్మీతిరుపతమ్మ. మా వీధి వాళ్ళందరికీ తిరుపతమ్మక్క.

నలభై ఐదేళ్ళు దాటిన మనిషి. ముక్కుకూ నోటికీ తువ్వాలు చుట్టుకుని, కళ్ళు మాత్రమే కనిపించేలా నిలబడి పని చేస్తుంది. ఎడమ కాలు కుడిదాని కన్నా పొట్టి. అడుగు వేసినప్పుడల్లా నడుము ఎడమకు ఒరిగి మళ్ళీ లేస్తుంది. తొట్టిలో కాయలు పోయడానికి ఎత్తు చాలదని చెక్క బల్ల ఒకటి చేయించుకుంది. ఎడమ కాలు ఆనే వైపు కాస్త ఎత్తుగా పెట్టించింది. దాని మీద నిలబడితే రెండు భుజాలూ సమంగా కనిపిస్తాయి. కొత్తవాళ్ళు ఎవరైనా జాలిగా చూస్తే, కాయలు సరిగ్గా ఎండాయో లేదో ముందు అది చూసుకోమంటుంది. తడికాయలైతే మర పాడవుతుందని ఆమె భయం.

భర్త ఆదెయ్య, దాచేపల్లి వైపు గోపీనాథ్ గారి నాపరాళ్ళ క్వారీలో చిన్న లారీ నడుపుతాడు. కూతురు బిందు నరసరావుపేటలో హాస్టల్లో ఉండి ఫార్మసీ చదువుతోంది. ఇంట్లో మరో మనిషి తిరుపతమ్మ తల్లి కోటేశ్వరమ్మ. ముసలామె పొద్దంతా మర గుమ్మం పక్కన నులక మంచం మీద కూర్చుని, వచ్చినవాళ్ళ కాయల్లో మిగిలిపోయిన తొడిమలు గిల్లుతూ మాట్లాడుతుండేది.

ఆమె మాటలు ఎక్కడ మొదలైనా చివరికి ఒక ఉయ్యాల దగ్గరికి వచ్చి ఆగేవి. రెంటచింతల పక్క పల్లెలో ఉన్నప్పటి సంగతి అది. పత్తి తీయడానికి కూలికి పోయి, చంటిపిల్లను తుమ్మచెట్టు కొమ్మకు పాతచీరతో ఉయ్యాల కట్టి పడుకోబెట్టింది. ముడి జారి పిల్ల కింద పడింది. దున్నిన మెత్తటి నేల కాబట్టి కాసేపు ఏడ్చి ఊరుకుంది. ఆ పిల్లే తర్వాత ఆలస్యంగా నడక నేర్చి, బాతులా ఊగుతూ నడవసాగింది. మంత్రసాని నూనె పెట్టి కాళ్ళు లాగింది. పెద్దవాళ్ళంతా, పెరిగేకొద్దీ అదే సర్దుకుంటుందన్నారు. బడిలో మాస్టారు పట్టుబట్టి పంపిస్తే గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడి డాక్టరు ఎక్స్‌రే కాగితం వెలుగుకు పట్టి చూసి, చంకలో ఉన్నప్పుడే తెచ్చి ఉంటే ఒక పట్టీ కట్టి సరిచేసేవాళ్ళమని, ఇప్పుడు ఆలస్యమైందని చెప్పాడు. కోటేశ్వరమ్మకు ఆ మాటలు అర్థం కాలేదు. ఆలస్యం అన్న ఒక్క మాట అర్థమైంది. దానికి కారణం మాత్రం తనే వెతుక్కుంది. ముడి సరిగ్గా వేయకపోవడం.

"నా బిడ్డ నడుం నేనే ఇరగ్గొట్టానమ్మా," అనేది, కారం ఆడించుకోవడానికి వచ్చిన ఎవరితోనైనా. మేమంతా ఎన్నోసార్లు విన్నాం. తిరుపతమ్మ కూడా వినేది. మొదట్లో వద్దని వారించేదట. తర్వాత తర్వాత మర చప్పుడు పెద్దగా ఉన్నప్పుడు వినపడనట్టు ఉండిపోయేది. ఆమెకు తల్లి మీద కోపం ఏనాడూ లేదు. అవిటి కాలితోనే పెళ్ళి అయింది, కూతురు పుట్టింది, మర పెట్టింది, బ్యాంకు అప్పు తీర్చేసింది. ఆ ఉయ్యాల సంగతి మాత్రం ఇంట్లో ఒక మనిషిలా ఉండిపోయింది.

రెండేళ్ళ కిందట కార్తీక మాసంలో ఆదెయ్య ఒక కుక్కపిల్లను లుంగీలో చుట్టి ఇంటికి తెచ్చాడు. గోపీనాథ్ గారి క్వారీ ఆఫీసు దగ్గర సోనీ అని లాబ్రడార్ ఒకటి ఉండేది. దాని ఈతలో పిల్ల ఇది. మీగడ రంగు ఒళ్ళు, నల్లటి ముక్కు, చెవులు మెత్తగా వేలాడుతూ ఉండేవి. మొదటి రోజే కారం గదిలోకి దూరి, తుమ్మి తుమ్మి చతికిలబడింది. ఆ తర్వాత ఆ గది గుమ్మం మళ్ళీ తొక్కలేదు.

బిందు శనివారం ఇంటికి వచ్చినప్పుడు అది వాకిట్లో పరుగెత్తడం చూసింది. ముందు కాళ్ళు విడివిడిగా వేస్తున్నా, వెనక కాళ్ళు రెండూ ఒకేసారి నేల మీద పెట్టి కుందేలులా గెంతుతోంది. బిందు పడీపడీ నవ్వి దానికి బన్నీ అని పేరు పెట్టింది, వీడియో తీసి స్నేహితులందరికీ పంపింది. వీధిలో పిల్లలకు కూడా ఆ గెంతులు చూడటం ఒక ఆట అయింది. బిస్కెట్టు చూపించి పరుగెత్తించేవాళ్ళు. కోటేశ్వరమ్మకు మంచం కింద కాలక్షేపం దొరికింది. తను తినే ప్రతిదాంట్లో ఒక ముక్క దానికి అందేది. సంక్రాంతి దగ్గరపడేసరికి బన్నీ బొద్దుగా తయారైంది.

తిరుపతమ్మ నవ్వలేదు. మొదట ఎవరితోనూ ఏమీ అనలేదు, చూస్తూ ఉంది. పడుకుని లేచేటప్పుడు బన్నీ ముందు కాళ్ళ మీద బరువు వేసి, వెనక భాగాన్ని తర్వాత లాక్కునేది. కూర్చుంటే ఒక కాలు పక్కకు జారిపోయేది. వాళ్ళ ఇంట్లో గచ్చు అంతా క్వారీ నుంచి తెచ్చి పరిచిన నాపరాళ్ళే, పాలిష్ పెట్టి అద్దంలా ఉంటాయి. వాటి మీద దాని వెనక కాళ్ళు చెరోవైపు జారేవి. మర గుమ్మానికున్న మెట్లు దిగడానికి దూకేది గానీ, ఎక్కడానికి వెనకాడి కోటేశ్వరమ్మ వైపు చూసేది. ఆ చూపులో ఏముందో తిరుపతమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. బడి మెట్ల కింద తనూ అలాగే నిలబడిన రోజులున్నాయి.

ఒక సాయంత్రం ఆదెయ్య అన్నం తింటుండగా ఆమె మాట ఎత్తింది.

"దీని తుంట్లో ఏదో ఉందయ్యా."

"ఏమే, పిల్లది. పిల్లలన్నీ అట్టానే గెంతుతయ్."

"గెంతేటప్పుడు కాదు. లేచేటప్పుడు చూడు."

ఆదెయ్య చూశాడు. బన్నీ అప్పుడే లేస్తోంది. అతను తినడం ఆపి, ఆఫీసు దగ్గర సోనీ సంగతి చెప్పాడు. దాని వయసు పెద్దదేమీ కాదు. అయినా ఏడాదిగా ఆఫీసు మెట్లు ఎక్కలేకపోతోందట. లారీలోకి ఎక్కించాలంటే తనే ఎత్తి పెడుతున్నాడట. బద్ధకమనుకున్నాను గానీ ఇంకేమీ అనుకోలేదన్నాడు.

మంచం మీద నుంచి కోటేశ్వరమ్మ అంది: "ఎందుకే లేనిపోని దిగులు. పెరిగేకొద్దీ అదే సర్దుకుంటది."

తిరుపతమ్మ తల్లి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"నన్ను గురించి గూడా అట్టానే అన్నారు గదమ్మా."

కోటేశ్వరమ్మ చేతిలో ఉన్న అప్పచ్చి ముక్కను బన్నీకి పెట్టబోయి, మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది. ఎందుకన్నానా అని తిరుపతమ్మకు ఆ తర్వాత అనిపించిందట. అన్నమాట అయితే అన్నదే. మర్నాడు మరకు తాళం వేసి, బన్నీని చంకన పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళింది.

అక్కడి డాక్టరు గేదెల మధ్య తీరిక లేకుండా ఉన్నా, కుక్కపిల్లను నాలుగడుగులు నడిపించమని చూశాడు. వెనక కాళ్ళ మీద చెయ్యి వేసి కదిపి చూశాడు. అనుమానం సరైనదే అనిపిస్తోందనీ, అయితే మత్తు ఇచ్చి ఎక్స్‌రే తీస్తే గానీ తేలదనీ, ఆ ఏర్పాటు తన దగ్గర లేదనీ ఉన్నదున్నట్టు చెప్పాడు. నరసరావుపేటలో పెంపుడు కుక్కల్ని చూసే డాక్టర్ శాంతి గారి పేరు రాసిచ్చాడు. ఆలస్యం చేయొద్దనీ, ఎముకలు ఇంకా లేతగా ఉన్నప్పుడే చూపిస్తే చేయగలిగింది ఎక్కువ ఉంటుందనీ అన్నాడు. ఆలస్యం అనే మాట వినగానే తిరుపతమ్మ ఆ కాగితాన్ని రెండు మడతలు పెట్టి జాకెట్లో దాచుకుంది.

ఆదెయ్య నరసరావుపేటకు నాపరాళ్ళు వేసుకుపోవాల్సిన రోజు చూసి వాళ్ళను లారీలో ఎక్కించుకున్నాడు. వెనక రాళ్ళు, ముందు మొగుడూ పెళ్ళాం, ఆమె ఒళ్ళో బన్నీ. మత్తు ఇవ్వాలి కాబట్టి ముందు రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దని డాక్టరమ్మ బిందుకు ఫోన్లో చెప్పింది. ఆకలితో బన్నీ దారి పొడుగునా ఆమె చీర కొంగు నమిలింది. పిడుగురాళ్ళ దాటాక ఆదెయ్య మెల్లగా ఒక మాట అన్నాడు. కుక్కకు ఎక్స్‌రే అంటే క్వారీలో అందరూ నవ్వుతున్నారట. నీకు నవ్వొస్తోందా అని ఆమె అడిగింది. రావడంలేదన్నాడు. సోనీని ఎత్తి లారీలో పెట్టేటప్పుడు అది ప్రతిసారీ మూలుగుతుందనీ, ఇన్నాళ్ళూ అది గారం అనుకున్నాననీ చెప్పాడు.

డాక్టర్ శాంతి ముప్పై ఏళ్ళు దాటిన మనిషి, మాట నెమ్మది. ఆమె బన్నీని ముందు వసారాలో అటూ ఇటూ నడిపించి చూసింది. తర్వాత మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, అది తిరుపతమ్మ చేతుల్లోనే నిద్రపోయేదాకా ఆగింది. ఒళ్ళంతా వదులైపోయాక వెనక కాలిని మడిచి, మెల్లగా పక్కకు తెరిచింది. లోపల ఎక్కడో కటుక్కుమన్నట్టు ఆమె వేళ్ళకు తెలిసింది. తిరుపతమ్మ చేతిని అక్కడ పెట్టించి మళ్ళీ ఒకసారి చేసి చూపింది. ఆ చిన్న జారుడు తిరుపతమ్మ అరచేతికి కూడా తెలిసింది.

ఎక్స్‌రే తీశాక డాక్టరమ్మ వాళ్ళిద్దర్నీ లోపలికి పిలిచి, కంప్యూటర్ తెర మీద బొమ్మ పెట్టింది. తుంటి దగ్గర ఒక గిన్నె, తొడ ఎముక చివర ఒక బంతి. బంతి గిన్నెలో నిండుగా కూర్చోవాలి. కుడివైపు కాస్త వదులుగా ఉంది. ఎడమవైపు గిన్నె లోతు తక్కువ, బంతి అంచు మీదకు జరిగి ఉంది.

"పూర్తిగా తప్పిపోలేదమ్మా. ఇంకా లోపలే ఉంది," అంది డాక్టర్ శాంతి. "ఇప్పుడే తెచ్చారు కాబట్టి దీన్ని లోపలే ఉంచడానికి చూడొచ్చు."

తిరుపతమ్మ బొమ్మ వంక చాలాసేపు చూసింది. చిన్నప్పుడు గుంటూరులో ఆ డాక్టరు వెలుగుకు పట్టి తల్లికి చూపించిన కాగితం ఆమెకు లీలగా గుర్తుంది. నలుపు మీద తెల్లటి మసక. అందులో ఏముందో ఎవరూ ఆమెకు చెప్పలేదు. చెప్పినా ఆ వయసులో అర్థమయ్యేది కాదు. ఇప్పుడు ఒక కుక్కపిల్ల ఎముకల్లో తన కాలు ఏమిటో ఆమెకు తెలిసింది. ఏడవలేదు. తర్వాత నాతో చెబుతూ, తాళంచెవి పోయిందనుకున్న పెట్టె తెరిచి లోపలున్నది చూసినట్టుంది అంది.

"ఇది దేనికొస్తది మేడం?" అని అడిగింది. "దెబ్బ తగిలితే వస్తదా?"

దెబ్బ వల్ల కాదని డాక్టరమ్మ చెప్పింది. ఇది తల్లిదండ్రుల రక్తంలోంచి వచ్చేది. పుట్టినప్పుడు అన్నీ బాగానే కనిపిస్తాయి, ఎదిగేకొద్దీ కొన్నిట్లో కీలు వదులవుతుంది. ఒళ్ళు బరువెక్కితే, జారే నేల మీద పరుగులు పెడితే ఇంకా పాడవుతుంది. సోనీ సంగతి ఆదెయ్య చెబితే ఆమె తలూపి, దాన్నీ ఒకసారి చూపించమనీ, దానికి ఇక చూలు కట్టించొద్దని యజమానికి చెప్పమనీ అంది.

తిరుపతమ్మ, మనుషులకైనా ఇంతేనా అని అడిగింది. డాక్టర్ శాంతి అప్పుడు ఆమె కాలి వైపు చూసింది. వసారాలో నడిచి వచ్చినప్పుడే గమనించి ఉంటుంది. అయినా అడిగేదాకా ఊరుకుంది. ఉయ్యాల సంగతి మొత్తం విన్నాక జాగ్రత్తగా జవాబు చెప్పింది.

"నేను పశువుల డాక్టర్నమ్మా. నాకు తెలిసినంతలో మనుషులకు కూడా ఇది చాలావరకు పుట్టుకతో వచ్చేదే. మెత్తటి మట్టిలో పడితే వచ్చేది కాదు. అయినా నా మాట మీద ఉండొద్దు. ఎముకల డాక్టర్ని అడగండి. మీ అమ్మగారిని కూడా తీసుకెళ్ళండి, ఆమె చెవులతో ఆమె వినాలి."

ఇంటికొచ్చాక బన్నీ బతుకు మారింది. ముందు తిండి. గిన్నెతో కొలిచి రెండు పూటలా, అంతే. వీధి పిల్లల బిస్కెట్లు బంద్. పెళ్ళికూతురు నడుమంత సన్నగా ఉండాలని డాక్టరమ్మ చెప్పిందని ఆదెయ్య వీధంతా చాటాడు. నిజానికి ఆమె చెప్పింది, చెయ్యి పెడితే పక్కటెముకలు తగలాలని మాత్రమే. రెండోది నేల. నాపరాళ్ళ మీద బన్నీ తిరిగే చోటల్లా ఖాళీ గోనె సంచులు పరిచి, అంచులు కలిపి తిరుపతమ్మ దబ్బనంతో కుట్టేసింది. మర ఉన్న ఇంట్లో సంచులకు కరువు లేదు. మెట్ల పక్కన ఆదెయ్య పలకరాళ్ళు ఏటవాలుగా వేసి, పైన సిమెంటుతో గరుకు పెట్టాడు. దాని మీద నుంచి కోటేశ్వరమ్మ కూడా ఎక్కి దిగడం మొదలుపెట్టింది.

ముసలామెను మాన్పించడమే కష్టమైంది. చాటుగా దానికి పెట్టేది. జంతికలు, పప్పుచెక్కలు, ఒకసారి బెల్లం ముక్క. తిరుపతమ్మ తిట్టలేదు. సన్నగా తరిగిన కీరదోస ముక్కలు ఒక గిన్నెలో వేసి తల్లి పక్కన పెట్టి, ఏదైనా పెట్టాలనిపిస్తే ఇవి పెట్టమంది. కుక్క కీర తింటుందా అని కోటేశ్వరమ్మ నమ్మలేదు. బన్నీ కరకరా నమిలింది. ఆ రోజు నుంచి వచ్చిన ప్రతివాళ్ళకూ ఆమె ఆ వింత చూపించేది.

మూడోది నీళ్ళు. పరుగులు, గెంతులు కాకుండా ఈత అయితే కీలు మీద బరువు పడకుండా కండ బలపడుతుందని డాక్టరమ్మ చెప్పింది. సాగర్ కాలువ నుంచి పొలాలకు పారే పిల్లకాలువ ఒకటి ఊరి బయట ఉంది. ఆదెయ్య సాయంత్రం లారీ పెట్టి రాగానే ముగ్గురూ అక్కడికి నడిచేవాళ్ళు. నీళ్ళు చూడగానే బన్నీకి ఒళ్ళు తెలిసేది కాదు. ఆదెయ్య లుంగీ ఎగగట్టి నడుము లోతు నీళ్ళలో నిలబడి పేరు పెట్టి పిలిస్తే, అది వెనక కాళ్ళు రెండూ విడివిడిగా కొట్టుకుంటూ అతని దగ్గరికి ఈదేది. నేల మీద చేయలేనిది నీళ్ళలో చేసేది. మిరప చేల నుంచి తిరిగొచ్చే కూలివాళ్ళు గట్టు మీద ఆగి చూసేవాళ్ళు. తిరుపతమ్మ గట్టున కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టేది. పొద్దంతా బల్ల మీద నిలబడిన కాళ్ళకు ఆ చల్లదనం ఎంతో హాయిగా ఉండేదట. ఎండాకాలం కాలువ కట్టేశాక ఈత ఆగింది. తెల్లవారకముందే మట్టి బాటలో తాడు పట్టుకుని నడిపించేవాళ్ళు.

గోపీనాథ్ గారితో మాట్లాడటానికి ఆదెయ్య కొన్నాళ్ళు జంకాడు. ఆయనకు సోనీ అంటే ప్రాణం. పిల్లల్ని అడిగిన వాళ్ళందరికీ ఇచ్చాడు, మళ్ళీ చూలు కట్టించే ఆలోచనలో కూడా ఉన్నాడు. చివరికి తిరుపతమ్మే ఒక రోజు ఆఫీసుకు వెళ్ళి, బన్నీ ఎక్స్‌రే బొమ్మ ఫోన్లో చూపించి, డాక్టరమ్మ అన్నదంతా చెప్పింది. ఆయన మొదట చిన్నబుచ్చుకున్నాడట. సోనీ మంచి జాతిదనీ, కాగితాలు ఉన్నాయనీ అన్నాడు. తర్వాత లేచి వెళ్ళి సోనీ పక్కన కూర్చుని, దాని వెనక కాలు మెల్లగా కదిపి చూశాడు. అది మూలిగింది. వారం తిరక్కుండా ఆయన కారులోనే దాన్ని నరసరావుపేట తీసుకెళ్ళాడు. నొప్పికి మందు మొదలుపెట్టారు. పిల్లల్ని తీసుకున్న మిగతా వాళ్ళందరికీ ఆయనే ఫోన్లు చేసి, ఒకసారి తుంట్లు చూపించుకోమని చెప్పాడు. కొందరు చూపించారు, కొందరు లేదు.

బన్నీకి ఏడాది దాటాక రెండో ఎక్స్‌రే తీయాలి. ఆ ప్రయాణానికి కోటేశ్వరమ్మను కూడా బయల్దేరదీశారు. ఎముకల డాక్టరు దగ్గర బిందు ముందే చీటీ తీసి పెట్టింది. అసలు సంగతి చెబితే ముసలామె రాదని, బిందును చూసొద్దామని చెప్పారు. లారీ ముందు భాగంలో నలుగురికి చోటు చాలక బన్నీ సగం కోటేశ్వరమ్మ ఒళ్ళో, సగం తిరుపతమ్మ ఒళ్ళో పడుకుంది.

ముందు ఎముకల డాక్టరు. తిరుపతమ్మ తుంటికి ఎక్స్‌రే తీయించి, ఆ పెద్దాయన బొమ్మ చూసి, కోటేశ్వరమ్మను దగ్గరకు పిలిచి కూర్చోబెట్టాడు. తిరుపతమ్మ ఉయ్యాల సంగతి చెప్పింది. ఆయన విని, కడుపులో ఉన్నప్పుడే గిన్నె సరిగ్గా ఏర్పడలేదనీ, మట్టిలో పడినందుకు ఇలా కాదనీ ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

"ముడి ఊడిందయ్యా," అంది కోటేశ్వరమ్మ. "నేనే కట్టా ఆ ముడి."

"ముడి ఊడకపోయినా మీ అమ్మాయి ఇట్లాగే నడిచేదమ్మా. నువ్వు చేసిందేం లేదు."

కోటేశ్వరమ్మ కూతురి వంక చూసింది. తిరుపతమ్మ తలూపింది. ముసలామె డాక్టరు మిగతా మాటలు చెబుతుంటే వినకుండా, కొంగుతో ముఖం ఒకసారి తుడుచుకుని కూర్చుంది. నొప్పి పెరిగిన నాటికి కీలు మార్చే ఆపరేషన్ ఉందనీ, ఇప్పటికైతే ఎడమ చెప్పుకు ఎత్తు మడమ వేయించుకుంటే నడుము నొప్పి తగ్గుతుందనీ ఆయన తిరుపతమ్మకు చెప్పాడు.

అక్కడి నుంచి డాక్టర్ శాంతి దగ్గరికి. బన్నీకి మళ్ళీ మత్తు, మళ్ళీ బొమ్మ. ఈసారి కుడి తుంటి చక్కగా కూర్చుంది. ఎడమ గిన్నె లోతు ఇంకా తక్కువే గానీ బంతి లోపలికే ఉంది, చుట్టూ కండ గట్టిపడింది. ముసలితనంలో కాస్త బిగుసుకుపోవచ్చు, ఒళ్ళు మాత్రం పెంచొద్దు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. ఆ ముక్కకు తిరుపతమ్మ ముందే సిద్ధపడింది. ఏ తేదీన తీసుకురావాలో అడిగింది.

క్లినిక్ బయట ఆదెయ్య రెండు ఎక్స్‌రే కవర్లూ చేతిలో పట్టుకుని, ఏది ఎవరిదో తెలియక తికమకపడ్డాడు. ఒకదాన్ని ఎండకు ఎత్తి చూసి, "ఇది నీదే, తోక లేదు," అన్నాడు. తిరుపతమ్మకు నవ్వు ఆగలేదు. హాస్టల్ నుంచి వచ్చి కలిసిన బిందు కూడా నవ్వింది. కోటేశ్వరమ్మ ఏమిటని అడిగి, చెబితే ఆమె కూడా పళ్ళు లేని నోటితో నవ్వింది. తుంటి గురించి మాట్లాడుతుండగా ఆమె నవ్వడం ఇంట్లో వాళ్ళు ఎరిగినంతలో అదే మొదలు.

తిరుగు ప్రయాణంలో నెకరికల్లు దగ్గర టీ కోసం ఆగారు. బన్నీ మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. లారీలోంచి దింపితే తూలుతూ నాలుగడుగులు వేసి, ఎండలో వెచ్చగా ఉన్న మట్టి మీద పడుకుంది. బండి దగ్గర మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు. పొద్దున్నుంచి ఏమీ ముట్టని కోటేశ్వరమ్మ, నాకు ఆకలవుతోందని అంది. ఆదెయ్య బజ్జీలు తెచ్చి పెడితే, కారం చాలలేదని వంక పెడుతూనే అన్నీ తినేసింది. తిన్నాక కూతుర్ని పక్కన కూర్చోమంది. ఆమె ఎడమ తొడ మీద చెయ్యి వేసి, చిన్నపిల్లకు నిమిరినట్టు నిమురుతూ, ఆ ఎత్తు మడమ చెప్పులు ఎక్కడ కుడతారో, గురజాలలోనే కుడతారా, మళ్ళీ ఇక్కడికే రావాలా అని అడిగింది. మాచర్లలో కుట్టేవాళ్ళున్నారని ఆదెయ్య చెప్పాడు. అయితే ఆదివారం పోదామని, తనూ వస్తానని కోటేశ్వరమ్మ అంది.